కొత్తవాళ్ళ గదిలో నత్త

జూన్ 3, సోమవారం

గాజుగది ఇవాళ అందర్నీ నిలబెట్టి ప్రకటించాడు. ఇకమీదట లిఫ్టుల కంట్రోల్ బోర్డులకి ప్రోగ్రాములన్నీ కొత్త భాషలోనే రాయాలట. ఆ భాష పేరు నా డైరీలో రాయను. రాస్తే దాన్ని లోపలికి పిలిచి కుర్చీ వేసినట్టు అవుతుంది.

గాజుగది అంటే మా మేనేజరు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. గాజు గదిలో కూర్చుని, పని చేసేవాళ్ళని చూడటమే పనిగా పెట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. సి భాషలో మెమరీ తప్పులు జరుగుతాయట. కొత్త భాషలో అయితే తప్పు రాయగానే, రాసినదాన్ని మిషను భాషలోకి మార్చే కంపైలరే చెవి పట్టుకుని ఆపుతుందట. నా సర్వీసంతా సి లోనే రాశాను. నేను రాసిన తలుపులు ఊళ్ళో సగం భవనాల్లో తెరుచుకుంటున్నాయి. ఒక్కటీ ఎవర్నీ కరవలేదు. నా చెవి పట్టుకోవడానికి ఒక కంపైలర్ కావాలా?

అయితే తలుపు మోటారు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేరు. ఆ మోటారుతో పాటు వచ్చిన సి లైబ్రరీ, అంటే దాన్ని నడిపే రెడీమేడ్ ప్రోగ్రాముల కట్ట, పాతది. చేసిన కంపెనీ మూతపడింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడుకోవాల్సిందే. అంటే పైన కొత్త భాష, కింద సి. రెంటినీ మాట్లాడించే భాగం ఒకటి రాయాలి. ఆ పని ఎవరికిస్తాడా అని అందరూ నావైపే చూశారు. నేను చొక్కా సర్దుకున్నాను కూడా.

గలగలకి ఇచ్చాడు.

మొన్న మొన్న చేరిన పిల్ల. ఇంకా ప్రొబేషన్ కూడా అవలేదు. ఆమె నవ్వితే వరండా చివర జిరాక్స్ మిషను దాకా వినిపిస్తుంది. ఆమె రాసింది నేను చూసి సంతకం పెట్టాలట. ఆమెని ఉంచుకోవాలా వద్దా అన్న రిపోర్టు కూడా నేనే రాయాలట.

"మీ అనుభవం, ఆ అమ్మాయి ఉత్సాహం. రెండూ కలిస్తే ఇంకేం కావాలి సార్?" అన్నాడు.

అనుభవం అన్న మాట ఎత్తారంటే మనిషిని మూలకి జరుపుతున్నారని అర్థం.

జూన్ 6, గురువారం

కంపెనీ వెబ్‌సైటులో 'కొత్తవాళ్ళ గది' అని ఒకటి తెరిచారు. కొత్త భాష గురించి ఎవరైనా ఏదైనా అడగవచ్చు. సిగ్గుపడకుండా ఉండటానికి అసలు పేరు బదులు ముద్దుపేరు పెట్టుకోవచ్చు. పైన పెద్దక్షరాలతో 'ఏ ప్రశ్నా చిన్నది కాదు' అని రాశారు. కింద చదివాను. అన్నీ చిన్నవే.

'సి లో ఉన్న ఫంక్షన్‌ని ఇక్కడి నుంచి పిలవవచ్చా?' 'పిలిస్తే అది మన మాట వింటుందా?' 'సి లైబ్రరీ ఇచ్చిన మెమరీని నేను పారేయాలా, దానంతట అదే పోతుందా?'

దానంతట అదే పోతుందట! జీతాలిచ్చి మరీ పెట్టుకున్నారు వీళ్ళని.

జూన్ 10, సోమవారం

ఊరికే చూద్దామని ఆ భాషలో పది లైన్లు రాశాను. ఎంత తేలికో తెలుసుకోవడానికే. అంతస్తు పేరుని సి లైబ్రరీకి పంపితే అది తెర మీద చూపించాలి. 'మూడో అంతస్తు' అని చూపించి, దాని వెనకాల పిచ్చి గీతలు, చుక్కలు, చదరాలు ఒక వరస కక్కింది. మధ్యాహ్నం భోజనం దానికే పోయింది.

కొత్తవాళ్ళ గదిలో వాళ్ళకి ఎంత తెలుసో పరీక్షిద్దామనిపించింది. పేరు పెట్టుకోమంటే 'నత్త' అని పెట్టాను. 'ఇంతకీ, పేరు పంపితే వెనక చెత్త ఎందుకు వస్తోంది?' అని అడిగాను. పరీక్షించడానికే.

టీ తాగి వచ్చేలోపు 'మిడత' అని ఎవరో జవాబు రాశారు. 'నత్త గారూ, సి కి మాట ఎంత పొడవో తెలీదండీ. సున్నా కనబడేదాకా చదువుకుంటూ పోతుంది. మన భాష చివర సున్నా పెట్టదు, మీరే పెట్టి పంపాలి. మొదటిసారి అందరికీ ఇలాగే అవుతుంది. నాకైతే మేనేజర్ గారి ముందే అయింది, బోర్డు నిండా బూతుల్లాంటివి వచ్చాయి.'

చివర సున్నా ఉంటుందని నాకే చెబుతున్నాడు! ఈ మిడత పుట్టకముందు నుంచీ ఆ సున్నాలతోనే కాపురం చేస్తున్నాను. ఈ భాష పెట్టదని నాకేం తెలుసు? పెట్టాలన్న ఇంగితం దానికుండాలి.

సున్నా పెట్టాను. చెత్త పోయింది. పోక ఏం చేస్తుంది.

జూన్ 12, బుధవారం

గలగల రాసిన మొదటి భాగం చూశాను. ఎర్ర గీతలు పెట్టీ పెట్టీ వేలు నొప్పెట్టింది. అందరూ వింటుండగానే అడిగాను.

"ఇంతకీ, పాయింటర్ అంటే ఏంటో తెలుసా అమ్మాయ్?"

"అడ్రస్ సార్."

"ఎవరి అడ్రస్?"

"అదే కదా సార్ అసలు గొడవంతా!" అని పకపకా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నన్ను చూసో, ఆమెని చూసో తెలియలేదు. మొత్తం మళ్ళీ రాసుకు రమ్మన్నాను. తల ఊపి, బిస్కట్ నములుతూ వెళ్ళింది. కోపం కూడా రాదేం ఈ పిల్లకి?

సాయంత్రం టీ గదిలో సింకు పైన కాగితం అంటించి ఉంది. 'ఎవరు తెచ్చిన కప్పు వాళ్ళే కడగాలి.' గలగల చేతిరాత. ఆఫీసుని కూడా దిద్దుతోంది.

జూన్ 14, శుక్రవారం

మిడతని ఇంకో రెండు అడిగాను.

మొదటిది: తలుపు వేగం, తలుపు ఎంత తెరుచుకుందీ, రెండూ ఒక మూటకట్టి సి కి పంపితే, అది దీన్ని దానిగా చదివింది. మిడత రాశాడు: 'మన భాష సామాను తనకి నచ్చినట్టు సర్దుకుంటుందండీ. సి కి పంపేటప్పుడు సి పద్ధతిలోనే సర్దమని మూట మీద ఒక మాట రాయాలి.' రాశాను. కుదిరింది.

రెండోది: సి లైబ్రరీ తీసుకున్న మెమరీని ఎవరు పారేయాలి? మొన్న నేనే వెక్కిరించిన ప్రశ్న. కాకపోతే నేను అడిగింది కొంచెం లోతుగా.

జవాబు చదివి కుర్చీలోంచి సగం లేచాను. 'ఎవరు తెచ్చిన కప్పు వాళ్ళే కడగాలండీ. సి తెచ్చింది సి కే తిరిగివ్వండి. మనది మనం చూసుకుందాం.'

మిడత అంటే గలగల.

ఇక అడగను.

జూన్ 17, సోమవారం

అడిగాను. ఒక్కటే.

జూన్ 18, మంగళవారం

మా ఆవిడ తను పనిచేసే మందుల షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే అడిగింది.

"ఏమండీ, మిడత ఎవరు?"

ఇంట్లో కంప్యూటరు తెరిచి పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయానట. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు చూసిందట.

"ఆఫీసు పని."

"ఆఫీసు పనికి 'చాలా బాగా చెప్పారు మిడత గారూ, మీ ఓపికకి జోహార్లు' అని రాస్తారా? పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నా వంట తిని ఒక్కసారి అన్నారా జోహార్లని?"

ఉన్న సంగతి చెప్పాను. ఆమె సోఫాలో కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"అంటే పగలు ఆ పిల్లని తిట్టి, సాయంత్రం ఆ పిల్ల దగ్గరే ట్యూషన్ చెప్పించుకుంటున్నారా?"

"ట్యూషన్ కాదు. దానికెంత తెలుసో చూస్తున్నాను. రిపోర్టు రాయాలి కదా."

"రాయండి రాయండి. పంతులమ్మకి మంచి మార్కులేయండి" అని లోపలికి వెళ్ళింది. లోపల కూడా నవ్వుతూనే ఉంది. ఆడవాళ్ళతో సాంకేతిక విషయాలు మాట్లాడటం నాదే బుద్ధితక్కువ.

జూన్ 20, గురువారం

మీటింగులో గాజుగది అడిగాడు, కొత్త భాషలో పెద్ద తప్పు జరిగి ప్రోగ్రాము కూలిపోతే, కింద ఉన్న సి సంగతేమిటని. ఎవరూ నోరు మెదపలేదు. నేను లేచి బోర్డు మీద బొమ్మ వేసి వివరించాను. కూలేదేదో సరిహద్దుకి ఇవతలే కూలాలి, సి లోకి ఆ శిథిలాలు పడకూడదు, అందుకని గుమ్మం దగ్గరే పట్టుకోవాలి అన్నాను. గాజుగది బల్ల చరిచాడు. "సార్ ఇంత త్వరగా పట్టేశారు చూశారా! నేర్చుకోవాలంటే ఇలా నేర్చుకోవాలి" అని అందరికీ చూపించాడు.

బొమ్మ సోమవారం మిడత వేసిందే. గుమ్మం అన్న మాట కూడా. కానీ చెప్పడంలో ఉంటుంది కదా అసలు నేర్పు.

గలగల నన్నే చూస్తోంది. నవ్వలేదు.

జూన్ 21, శుక్రవారం

నిన్న సాయంత్రం అడిగినదానికి మిడత జవాబు ఇప్పుడొచ్చింది. అంతా సరిగ్గానే రాసింది. చివర ఒక మాట చేర్చింది. 'మీకు అర్థమైంది నలుగురికీ చెప్పండి నత్త గారూ. ఎవరు చెప్పారో కూడా చెబితే మీ సొమ్మేం పోదు.'

అందరికీ అలాగే రాస్తుందేమో.

ఎవరికీ అలా రాయలేదు. పాతవన్నీ వెతికాను.

జూన్ 25, మంగళవారం

గలగల పని పూర్తయింది. సోమవారం కొత్త ఆసుపత్రి భవనంలో, ఇంకా తెరవని దాంట్లో, లిఫ్టు పరీక్ష. ఈ రోజంతా కూర్చుని ఆమె రాసింది మొదటి నుంచి చివరిదాకా చదివాను. బాగానే ఉంది. నాకేం పక్షపాతం లేదు, బాగున్నదాన్ని బాగుందనే అంటాను. సున్నాలు పెట్టింది. మూటలు సి పద్ధతిలో సర్దింది. కప్పులు కడిగింది.

ఒక్క చోట తప్పు.

తలుపు ఏ స్థితిలో ఉందో రాసిపెట్టుకోవడానికి ఒక చిన్న పలక లాంటిది తయారుచేసి, దాని అడ్రసు లైబ్రరీకి ఇచ్చింది. ఆ పలక ఉన్నది మొదట్లో ఒక్కసారి పనిచేసి ముగిసిపోయే ప్రోగ్రాము ముక్కలో, అంటే ఫంక్షన్‌లో. ఫంక్షన్ ముగియగానే పలక పోతుంది, ఆ చోటు ఇంకెవరికో వెళ్ళిపోతుంది. లైబ్రరీ ఆ పలకని చదివి తన దగ్గర నకలు ఉంచుకుంటుందని ఆమె అనుకుంది. ఉంచుకోదు. అడ్రసునే దాచుకుంటుంది. తలుపు కదిలిన ప్రతిసారీ ఆ అడ్రసుకే వెళ్ళి రాస్తుంది, అక్కడే చదువుతుంది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక, కొత్తగా దిగినవాళ్ళ గోడ మీద చదివినట్టు. తలుపు తెరిచి ఉన్నా మూసి ఉందని చదవవచ్చు. ఎప్పుడు చదువుతుందో చెప్పలేం. ఆఫీసులో పది సార్లు తిప్పి చూస్తే ఏమీ కాదు, అందుకే ఆమెకి దొరకలేదు.

ఘనత వహించిన కంపైలరు ఏం చేసింది? ఏమీ చేయలేదు. సి తో మాట్లాడే చోట 'ఇక్కడ జాగ్రత్త నాదే' అని రాసిచ్చాక అది కళ్ళు మూసుకుంటుంది. ఇన్నాళ్ళూ ఊదరగొట్టిన గొప్పంతా ఇదే!

ఇది పట్టుకోగలిగినవాణ్ణి ఈ కంపెనీలో నేనొక్కణ్ణే. ఆ లైబ్రరీ బుద్ధి నాకు తెలుసు.

ఎర్ర పెన్ను తీశాను. మూత పెట్టాను.

ఎందుకు చెప్పాలి? కొత్త భాష గొప్పదన్నారు. చూడనీ. ఆమె గొప్పదన్నారు. చూడనీ. ప్రమాదమేమీ లేదు. తలుపు పూర్తిగా పడకపోతే కరెంటునే ఆపేసే తాళం ఒకటి ప్రతి లిఫ్టుకీ ఉంటుంది. దానికి ప్రోగ్రాముతో పని లేదు. మహా అయితే లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగుతుంది. గాజుగది కాసేపు లోపల చెమటలు కక్కుతాడు. ఆ తర్వాత నన్ను పిలుస్తాడు.

'చూశాను, సరిగ్గా ఉంది' అని సంతకం పెట్టి పంపాను.

జూన్ 26, బుధవారం

తాళం ఉంది.

జూన్ 28, శుక్రవారం

గలగల నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఈసారి ఒక్క ఎర్ర గీత కూడా లేదు! నమ్మలేక మళ్ళీ తెరిచి చూసుకున్నా. థాంక్యూ సార్."

"ఊఁ."

"ఎక్కడైనా మీకు తేడా అనిపిస్తే చెప్పేయండి సార్. ఆ పాత లైబ్రరీ అంటే నాకు కొంచెం భయమే. మీరు చూశారు కాబట్టే ధైర్యం."

"చూశానుగా" అన్నాను.

రిపోర్టు ఇంకా రాయలేదు. సోమవారం పరీక్ష చూసి రాస్తే సరిపోతుంది.

మిడత నిన్నటి నుంచి గదిలోకి రాలేదు. పరీక్ష పనిలో ఉందేమో.

తాళం ఉంది.

జూలై 1, సోమవారం

వరసగా రాస్తాను.

ఆసుపత్రి భవనానికి నన్నెవరూ రమ్మనలేదు. నేనే వెళ్ళాను. వినోదం చూడ్డానికి. కింది అంతస్తులో మెయిన్ స్విచ్ ఉన్న గదిలో లిఫ్టు మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సున్నం వాసన, సిమెంటు బస్తాలు. గాజుగది, గలగల పైన ఉన్నారు. గోడ మీద చిన్న తెరలో లిఫ్టు ఏ అంతస్తులో ఉందో కనిపిస్తోంది.

"ఎలా తిరుగుతోంది?" అన్నాను, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా.

"పొద్దున్నించీ సూపర్‌గా తిరుగుతోంది సార్. తలుపు తాళం కాంటాక్టు ఇంకా సరిగ్గా కూర్చోలేదు, ఊరికే ఆపేస్తా ఉంది. అందుకని తాళాన్ని దాటించి తీగేసి కలిపేశా. సాయంత్రం సర్ది తీసేస్తాలే."

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమై స్టూలు మీంచి లేచాను.

"తాళం లేదా?"

"పరీక్షకే కద సార్. అందరూ చేసేదే."

తెరలో మూడు. పక్కన తలుపు బొమ్మ తెరిచి ఉంది. చూస్తుండగానే మూసుకున్నట్టు మారింది. పైన తలుపు చప్పుడేమీ వినబడలేదు.

"మెయిన్ ఆపు!"

"మేనేజర్ గారు పైనున్నారు సార్, ఒక్క మాట అడిగి..."

వాణ్ణి తోసి నేనే లాగాను. అంతా చీకటి. ఆ చీకట్లో పైనుంచి ఒక కేక, ఏదో పడ్డ చప్పుడు.

మూడు అంతస్తులు ఎలా ఎక్కానో తెలియదు. గలగల గుమ్మం ముందు నేల మీద కూర్చుని ఉంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. లిఫ్టు నేల కంటే మూరెడు పైకి లేచి, తలుపు బార్లా తెరుచుకుని ఆగి ఉంది. ల్యాప్‌టాప్ లిఫ్టు లోపల, దాని కేబుల్ తెగి బయట.

"ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి కేబుల్ పెడుతున్నా సార్" అంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "తలుపు తీసే ఉంది. అదలా కదిలిపోయింది."

ఇంకాస్త పైకి వెళ్ళి ఉంటే. ఆ వాక్యం పూర్తి చేయను.

గాజుగది మొహంలో నెత్తురు చుక్క లేదు. "కరెంటు ఎవరు తీశారు?"

"నేనే. పలక అడ్రసు. లైబ్రరీ దాచుకుంటుంది." గుక్క తిప్పుకోలేకపోతున్నాను.

"మీకెలా తెలిసింది?"

గలగల తలెత్తి నన్ను చూసింది.

"ఇప్పుడే తట్టింది" అన్నాను.

జూలై 2, మంగళవారం

ఆఫీసులో అందరూ చేతులు కలుపుతున్నారు. గాజుగది నన్ను పక్కన నిలబెట్టుకుని "అనుభవం అంటే ఇది. ఒక ప్రాణం నిలబెట్టారు" అన్నాడు. చప్పట్లు. ఆపమనలేదు నేను.

కొత్త భాష పని ఆపేశారు. గలగలకి మణికట్టు విరిగింది, కట్టు వేశారు, సెలవులో ఉంది. "రిపోర్టు మీ ఇష్టం సార్. కానీ ఇంత జరిగాక ఉంచుకోవడం కష్టం కదా?" అన్నాడు గాజుగది.

నేను కోరుకున్నవన్నీ ఒక్క రోజులో జరిగాయి. వరసగా, ఒక్కటి కూడా తప్పకుండా.

మా ఆవిడ అన్నం పెడుతూ అడిగింది. "ప్రాణం కాపాడిన మనిషి మొహం అలా ఉందేంటి?"

తలనొప్పి అన్నాను. మాత్ర తెచ్చిచ్చింది.

జూలై 3, బుధవారం

కొత్తవాళ్ళ గదిలో మిడత వచ్చింది. జవాబు చెప్పడానికి కాదు. ప్రశ్న అడగడానికి. ఆ గది తెరిచాక ఆమె ప్రశ్న అడగడం ఇదే మొదలు. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

'ఎడంచేత్తో రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి. సి లైబ్రరీకి మనం ఒక అడ్రసు ఇస్తే, అది చదివి వదిలేస్తుందో, తన దగ్గర దాచుకుంటుందో తెలుసుకోవడం ఎలా? మాన్యువల్ మళ్ళీ మళ్ళీ చదివాను. ఎక్కడా లేదు. నేను ఎక్కడ చూసి ఉండాల్సింది? ఎవర్ని అడగాల్సింది? ఇది కొత్తవాళ్ళ ప్రశ్నే. తెలిసినవాళ్ళు చెప్పండి.'

కింద ఒకరిద్దరు ఏవో రాశారు. టెస్టులు ఎక్కువ చేయాల్సింది, లైబ్రరీ సోర్సు, అంటే దాన్ని రాసిన అసలు ప్రోగ్రాము, చూడాల్సింది అని. మూతపడ్డ కంపెనీ సోర్సు ఎక్కడ చూస్తుంది? పనికిమాలిన మూక.

తెలిసినవాళ్ళట.

జూలై 4, గురువారం

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి, ఎవరూ రాకముందే జవాబు రాశాను. మొదట నత్త పేరుతోనే. లైబ్రరీ గురించి మాత్రమే. చాలా చక్కగా వచ్చింది, ఉదాహరణలతో సహా. చదువుకున్నాను. నా మీద నాకే రోత పుట్టింది. ఎంత శుభ్రంగా, ఎంత ఒద్దికగా, అసలు సంగతి తప్ప అన్నీ ఉన్నాయి.

చెరిపి మళ్ళీ రాశాను.

'ఎక్కడా రాసి లేదు. మాన్యువల్‌లో లేదు. ఆ లైబ్రరీతో ఏళ్ళ తరబడి తన్నులు తిన్నవాళ్ళకి తప్ప తెలిసే దారి లేదు. అలాంటివాణ్ణి నీ పక్కనే కూర్చోబెట్టారు, చూసి చెప్పమని. నువ్వు అడగాల్సినవాణ్ణే అడిగావు. జూన్ 25న నీ కోడ్ చదివినప్పుడే ఈ తప్పు చూశాను. చెప్పకుండా సరిగ్గా ఉందని సంతకం పెట్టాను. నువ్వు నవ్వులపాలు కావాలని. లిఫ్టు తాళం ఉంది కదా అనుకున్నాను. దాన్ని కలిపేశారని నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. పరీక్ష రోజు తట్టిందన్నది అబద్ధం. తప్పు నీది కాదు, భాషది కాదు.'

కింద నత్త అని పెట్టి, తీసేసి, నా పేరు పెట్టాను. ఇంటిపేరుతో సహా.

పంపే ముందు చాలాసేపు కిటికీలోంచి పార్కింగ్ స్థలం చూశాను. గాజుగది కారు లోపలికి వస్తుండగా నొక్కాను.

జూలై 5, శుక్రవారం

"తీసేయండి" అన్నాడు గాజుగది. తలుపు మూసి, అద్దాలకి తెరలు దింపి మరీ. "ఎవరూ చదవకముందే తీసేయండి సార్. ఎందుకు రాశారసలు? అంతా సద్దుమణిగిందిగా!"

"సద్దుమణిగింది నాకూ మీకూ."

"పైవాళ్ళకి తెలిస్తే మీ ఉద్యోగం పోతుంది. తాళం కలిపారని తెలిస్తే నాది కూడా."

అప్పటిదాకా నాకు తట్టలేదు, తీగ సంగతి ఆయనకి ముందే తెలుసని. ఆయన కూడా నాలాగే ఏదో ఒకటి అనుకుని ఉంటాడు. నాకంటే గొప్పగా ఏమీ అనుకుని ఉండడు.

తీయనన్నాను. ఇంటికి వెళ్ళమన్నాడు. విచారణ అయ్యేదాకా రావద్దన్నాడు.

జూలై 7, ఆదివారం

మా ఆవిడకి అంతా చెప్పాను. ఈసారి నవ్వలేదు. కూరగాయలు తరగడం ఆపి నన్ను చూసింది.

"మా షాపులో ఎవరైనా చీటీలో డోసు తప్పు ఉందని తెలిసీ మందు ఇచ్చేస్తే, వాళ్ళని ఏమనాలండీ?"

తరిగిన ముక్కలు గిన్నెలోకి తీస్తూ కూర్చున్నాను.

"అదే, నాకూ మాట దొరకడం లేదు" అని మళ్ళీ కత్తి అందుకుంది. తరుగుతూనే, "ఆ పిల్లని చూడ్డానికి వెళ్ళారా?" అంది.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్నది ఒకటే కదా. అదే పెట్టుకుని వెళ్ళండి."

వెళ్ళలేదు.

జూలై 9, మంగళవారం

ఏమీ లేదు.

జూలై 12, శుక్రవారం

విచారణకి పిలిచారు. పొడవాటి బల్లకి అటు పైవాళ్ళు, ఇటు నేను. చివర కట్టుతో గలగల. గాజుగది కుర్చీ ఖాళీ. ఆయన్ని వేరే ఊరి ఆఫీసుకి మార్చారట.

అడిగినవన్నీ ఒప్పుకున్నాను. తీసేస్తారనే అనుకున్నాను. కాగితాలు కూడా సర్దుతున్నారు. అప్పుడు గలగలని అడిగారు, నువ్వేమైనా చెబుతావా అని.

"ఉంచండి ఆయన్ని" అంది.

నా గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. ఆమె నావైపు చూడకుండానే మిగిలింది చెప్పింది.

"క్షమించి కాదండీ. నేనేం క్షమించలేదు. ఆ లైబ్రరీ ఇంకా ఏమేం దాచుకుంటుందో ఈయనకి తప్ప ఎవరికీ తెలీదు. అదంతా రాయించండి, మాన్యువల్‌లో లేనిదంతా. రాసింది నాకు చూపించాలి. నేను సంతకం పెట్టాలి. ఈయన సంతకం మాత్రం దేని మీదా వద్దు."

బయట వరండాలో ఆమె వెనక నడిచాను.

"నేనే నత్తనని నీకు ముందే తెలుసు కదా?"

"రెండో ప్రశ్నకే తెలుసు సార్. ప్రతిదీ 'ఇంతకీ' అని మొదలుపెడతారు. ఆఫీసులో కూడా అంతే."

"తెలిసి కూడా ఎందుకు చెప్పావు?"

"అడిగారు కాబట్టి." ఆగింది. "అడిగితే చెప్పాలి కదా సార్. అంతకంటే ఏముంటుంది?"

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

జూలై 19, శుక్రవారం

ఆమె అడిగినట్టే నన్ను ఉంచారు, కొత్త భాష పనీ మళ్ళీ మొదలుపెట్టారు. రోజంతా రాస్తున్నాను. లైబ్రరీలో ఏ ఫంక్షన్ అడ్రసు దాచుకుంటుంది, ఏది పిలిచినప్పుడు ఇంకోదాన్ని పిలవకూడదు, ఏది అబద్ధం చెబుతుంది. రాస్తుంటే తెలిసింది, ఇన్నేళ్ళలో ఇందులో ఒక్క ముక్క కూడా ఎవరికీ చెప్పలేదని. నాకే తెలిసి ఉండటం నా గొప్పతనమనుకున్నాను.

గలగల తిప్పి పంపింది. ఎర్ర గీతలు. 'ఇది అర్థం కాలేదు.' 'ఇది కొత్తవాళ్ళకి అర్థం కాదు.' 'ఇక్కడ మిమ్మల్ని మీరు పొగుడుకున్నారు, తీసేయండి.'

ఒళ్ళు మండింది. తీసేశాను.

ఆ భాష కూడా మరీ చెత్తదేం కాదు. సరిహద్దు దగ్గర తప్ప.

జూలై 29, సోమవారం

ఇవాళ మళ్ళీ పరీక్ష. అదే భవనం, అదే లిఫ్టు. పలకని ఇప్పుడు లిఫ్టు నడిచినంతకాలం ఉండే చోట పెట్టింది. తాళం సర్దారు. తీగ తీసేశారని నేనే చేత్తో తడిమి చూశాను. మెకానిక్ నన్ను చూసి చూడనట్టు పక్కకి తిరిగాడు.

తలుపు తెరుచుకుంది. పైవాళ్ళు ఇద్దరు, మెకానిక్, గలగల, నేను. ఎవరూ కదలలేదు. లోపల దీపం వెలుగుతోంది. కొత్త అద్దంలో మా మొహాలు కనిపిస్తున్నాయి.

"ముందు మీరెక్కండి సార్" అంది గలగల.

ఎక్కాను. ఆమె ఎక్కుతుందేమోనని పక్కకి జరిగి చోటిచ్చాను. ఆమె బయటే నిలబడి మూడో నంబరు నొక్కమంది. నొక్కాను. తలుపులు రెండూ నా ముందు దగ్గరికి వచ్చి కలుసుకున్నాయి. పైకి వెళ్ళినంతసేపూ అద్దం వైపు చూడలేదు.

మూడో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఆమె మెట్ల మీదుగా వచ్చేసి ఎదురుగా నిలబడి ఉంది. రొప్పుతోంది. కట్టు విప్పిన చెయ్యి ఇంకా పాలిపోయి, సన్నగా ఉంది. వంగి, లిఫ్టు నేలకీ గుమ్మానికీ మధ్య వేలు పెట్టి చూసింది.

"సమంగా ఆగింది" అంది.

లిఫ్టు గురించే.